చేబదులు కాదు, ఖరీదైన అప్పు: క్రెడిట్ కార్డు మీద తీసే నగదు

“అన్నయ్యగారు బ్యాంకులోనే కదా వదినా, క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే ఏమైనా పట్టుకుంటారా?” బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో ఉండే మన సిబ్బంది ఇళ్ళకు వచ్చే ప్రశ్నల్లో ఇదొకటి. బ్యాంకులో పనిచేసేది ఇంట్లో ఒక్కరే అయినా, చుట్టుపక్కల వాళ్ళ దృష్టిలో ఇల్లంతా బ్యాంకే. అందుకని ఈ పాఠం ఉద్యోగుల కోసం కాదు, వారి కుటుంబ సభ్యుల కోసం. ఇది చదివాక ఆ ప్రశ్నకు “ఆయన వచ్చాక అడుగుతాను” అనకుండా, మీరే కాగితం మీద లెక్క వేసి చూపించగలగాలి.

బిలాస్‌పూర్‌లో ఈ ప్రశ్న ఎక్కువగా రావడానికి కారణం ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి తెలుగువాళ్ళు ఈ ఊళ్ళో ఉద్యోగాలు చేస్తున్నారు. రాయపూర్, విజయనగరం మధ్య రైలు మార్గం 1931లో పూర్తయ్యాక ఉత్తరాంధ్రకు, ఈ ప్రాంతానికి రాకపోకలు మరింత సులువయ్యాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే ప్రధాన కేంద్రం. ఉద్యోగం ఇక్కడ, పెద్దలూ పొలమూ అక్కడ. శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో కబురు వస్తే ఆ పూటే రైలెక్కాలి. ఇంటాయన లైను డ్యూటీలో ఉంటాడు. రైల్వే జీతం నెలాఖరు పనిదినాన పడుతుంది. కబురు మాత్రం ఇరవయ్యో తేదీన వస్తుంది. పొదుపు ఖాతా అప్పటికే అడుగంటి ఉంటుంది. చేతిలో క్రెడిట్ కార్డు, స్టేషను దారిలో ఏటీఎం. “పది రోజులే కదా, జీతం రాగానే కట్టేద్దాం” అనిపిస్తుంది.

ఇలాంటి సర్దుబాటును మనం చేబదులు అంటాం. పక్కింటి పిన్నిగారి దగ్గర రెండు వేలు తీసుకుని, జీతం రాగానే ఇచ్చేస్తాం. పత్రం ఉండదు, వడ్డీ ఉండదు. కార్డు మీద నగదు తీసేటప్పుడు కూడా మన మనసులో ఉండేది ఈ చేబదులు లెక్కే. కానీ కార్డు ఇచ్చిన సంస్థ పుస్తకంలో అది చేబదులు కాదు. మధ్యతరగతి కుటుంబానికి చట్టబద్ధంగా దొరికే అప్పుల్లో బహుశా అన్నింటికంటే ఖరీదైనది.

కొనుగోలు వేరు, నగదు వేరు

బుధవారీ బజారులోని ఒక దుకాణంలో కార్డు గీసి 5,000 రూపాయల మిక్సీ కొన్నారనుకుందాం. బిల్లు తేదీ వచ్చాక, గడువులోగా మొత్తం కట్టేస్తే ఒక్క రూపాయి వడ్డీ ఉండదు. కొన్న రోజును బట్టి సుమారు 20 నుంచి 50 రోజుల దాకా వడ్డీ లేని గడువు దొరుకుతుంది. క్రెడిట్ కార్డుకున్న అసలు ఆకర్షణ ఇదే.

అదే కార్డుతో ఏటీఎంలో 5,000 రూపాయలు తీస్తే ఆ గడువు వర్తించదు. యంత్రం నోట్లు లెక్కపెట్టి ఇచ్చిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. బిల్లు వచ్చేదాకా ఆగదు. గడువు తేదీన మొత్తం బిల్లు కట్టినా, తీసిన రోజు నుంచి కట్టిన రోజు వరకు పడిన వడ్డీ తప్పదు. చాలామంది పొరబడేది ఇక్కడే. “బిల్లు ఎప్పుడూ పూర్తిగానే కడతాం, మాకు వడ్డీ పడదు” అనే మాట కొనుగోళ్ళ విషయంలో నిజం, నగదు విషయంలో కాదు.

ఇంకొక తేడా. కార్డు మొత్తం పరిమితి లక్ష రూపాయలని ఉంటే, లక్షా నగదుగా తీయలేరు. అందులో కొంత భాగమే నగదు పరిమితి. నెలవారీ స్టేట్‌మెంటులో ఈ రెండు అంకెలూ విడివిడిగా ఉంటాయి. ఒకసారి తీసి చూడండి.

ఖర్చులో మూడు భాగాలు

మొదటిది నగదు రుసుము. చాలా కార్డుల మీద ఇది తీసిన మొత్తంలో 2.5 శాతం, కనీసం 500 రూపాయలు. రెండింటిలో ఏది ఎక్కువైతే అది. 20,000 రూపాయల్లో 2.5 శాతం సరిగ్గా 500. అంటే 20,000 లోపు ఎంత తీసినా, అది 1,000 అయినా 19,000 అయినా, రుసుము 500 రూపాయలే. తీసిన ప్రతిసారీ ఇది పడుతుంది.

రెండోది వడ్డీ. సాధారణంగా వాడుకలో ఉన్న కార్డుల మీద నెలకు 3.5 నుంచి 3.75 శాతం దాకా ఉంటుంది. మన ఊళ్ళ భాషలో చెప్పాలంటే మూడున్నర రూపాయల పైన వడ్డీ. “రెండు రూపాయల వడ్డీ” అంటేనే ముఖం చిట్లించే మన పెద్దవాళ్ళు ఈ మాట వింటే ఏమంటారో ఊహించుకోవచ్చు. ఏడాదికి చూస్తే 3.75 శాతం అంటే 45 శాతం. లెక్క రోజువారీగా వేస్తారు.

మూడోది జీఎస్టీ. మామూలు అప్పుల వడ్డీ మీద జీఎస్టీ ఉండదు. ఇంటి రుణం వడ్డీకి లేదు, బంగారం రుణం వడ్డీకి లేదు. క్రెడిట్ కార్డు వడ్డీకి మాత్రం ఆ మినహాయింపు లేదు. రుసుము మీదా 18 శాతం, వడ్డీ మీదా 18 శాతం పన్ను పడుతుంది.

లెక్క వేసి చూద్దాం

రుసుము 2.5 శాతం, కనీసం 500. వడ్డీ ఏడాదికి 45 శాతం. పన్ను 18 శాతం అని తీసుకుందాం. మీ కార్డు రేట్లు వేరైతే అవే వేసుకోండి, పద్ధతి మారదు.

20,000 రూపాయలు తీసి 30 రోజులకు కడితే: రుసుము 500, దానిపై పన్ను 90, వడ్డీ సుమారు 740, దానిపై పన్ను 133. మొత్తం 1,463 రూపాయలు.

అదే 20,000 పది రోజులకే కట్టేస్తే: రుసుము, పన్ను కలిపి 590, వడ్డీ, పన్ను కలిపి 291. మొత్తం 881 రూపాయలు.

5,000 రూపాయలు తీసి పది రోజులకు కడితే: రుసుము, పన్ను 590, వడ్డీ, పన్ను 73. మొత్తం 663 రూపాయలు.

2,000 రూపాయలు తీసి పది రోజులకు కడితే: రుసుము, పన్ను 590, వడ్డీ, పన్ను 29. మొత్తం 619 రూపాయలు.

ఈ నాలుగు వరసలనూ మళ్ళీ ఒకసారి చూడండి. చివరి వరసలో రెండు వేలు తీసుకున్నందుకు ఆరు వందల పైచిలుకు పోయింది. అంటే పది రోజులకు 31 శాతం. 5,000 మీద 13 శాతం. 20,000 మీద సుమారు నాలుగున్నర శాతం. మన సహజబుద్ధి “చిన్న మొత్తం, కొద్దిరోజులు, పెద్దగా ఏముంటుందిలే” అంటుంది. లెక్క దానికి సరిగ్గా ఎదురు చెబుతోంది. రుసుము రోజులను బట్టి తగ్గదు, మొత్తాన్ని బట్టి ఒక హద్దు కిందికి దిగదు. అందువల్ల చేబదులుకు ఎంత దగ్గరగా ఉంటే, అంటే ఎంత చిన్నదై, ఎంత కొద్ది రోజులదైతే, ఈ అప్పు అంత ఖరీదు.

పోల్చడానికి ఇంకొక అంకె. బిలాస్‌పూర్ లాంటి నాన్ మెట్రో ఊళ్ళో డెబిట్ కార్డుతో ఇతర బ్యాంకుల ఏటీఎంలలో నెలకు ఐదు లావాదేవీలు ఉచితం. అవి దాటితే 2025 మే 1 నుంచి ఒక్కోదానికి గరిష్ఠంగా 23 రూపాయలు, పన్ను అదనం. ఆ 23 రూపాయలు మిగుల్చుకోవడానికి మనం సొంత బ్యాంకు ఏటీఎం వెతుక్కుంటూ నడుస్తాం. 590 రూపాయల రుసుము దగ్గర మాత్రం ఆగి ఆలోచించం. ఎందుకంటే అది ఏటీఎం తెర మీద కాదు, నెల చివర బిల్లులో కనిపిస్తుంది.

“కనీస చెల్లింపు” అనే మెత్తని మాట

నగదు తీసిన నెలలో సాధారణంగా ఖర్చులూ ఎక్కువే ఉంటాయి. బిల్లు వచ్చినప్పుడు పూర్తిగా కట్టలేకపోతే “కనీస చెల్లింపు” అనే అంకె కనబడుతుంది. అది కడితే చాలు, ఆలస్య రుసుము ఉండదు. కానీ అప్పు తీరుతుందా?

బాకీ 20,000 ఉందనుకుందాం. ఒక నెల వడ్డీ 750, పన్ను 135, కలిపి 885. మీరు 1,000 రూపాయలు కడితే, అందులో 885 వడ్డీకీ పన్నుకీ పోయి, అసలు తగ్గేది 115. ఇలా నెలకు వెయ్యి చొప్పున ఏడాదంతా, ఒక్క నెల తప్పకుండా, కొత్తగా ఏమీ వాడకుండా కట్టారనుకోండి. కట్టింది 12,000. ఇంకా ఉన్న బాకీ సుమారు 18,230. ఏడాది క్రమశిక్షణకు తగ్గింది 1,770 రూపాయలు.

దీనికి తోడు, పాత బాకీ పూర్తిగా తీరేదాకా కొత్త కొనుగోళ్ళకు కూడా వడ్డీ లేని గడువు పోతుంది. పాలు, కిరాణా కోసం గీసిన కార్డు మీదా మొదటి రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. ఒక్క రాత్రి తీసిన నగదు ఇంటి సరుకుల ధర కూడా పెంచుతుందన్నమాట.

కనీస చెల్లింపు మాత్రమే చేస్తూ పోతే బాకీ నెలలు, సంవత్సరాలు సాగుతుందన్న హెచ్చరికను ప్రతి బిల్లులోనూ ముద్రించాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. చిన్న అక్షరాల్లో ఉన్నా అది చదవాల్సిన వాక్యం.

ఇంత వడ్డీకి చట్టం ఒప్పుకుంటుందా?

ఈ ప్రశ్న కూడా మిమ్మల్ని అడుగుతారు. జవాబు స్పష్టంగా తెలిసి ఉండాలి. జాతీయ వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ 2008 జూలై 7న ఒక తీర్పు ఇచ్చింది. గడువులోగా బిల్లు పూర్తిగా కట్టని కార్డుదారుల నుంచి ఏడాదికి 30 శాతానికి మించి వడ్డీ వసూలు చేయడం అనుచిత వాణిజ్య పద్ధతి అని చెప్పింది. బ్యాంకులు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. వడ్డీ రేట్ల విషయం రిజర్వ్ బ్యాంకు పరిధిలోనిదని, కార్డుదారుడు తెలిసి ఒప్పుకున్న షరతులను కమిషన్ తిరగరాయలేదని తేల్చింది.

కాబట్టి “30 శాతం దాటితే చెల్లదట” అని ఎవరైనా అంటే, అది ఇప్పుడు నిలబడే మాట కాదని సౌమ్యంగా చెప్పండి. కోర్టు కాపాడుతుందని ఆగడం కంటే, ముందే షరతులు చదవడం మేలు. 2022 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వ్ బ్యాంకు ఆదేశాలు మనకు కొన్ని రక్షణలు ఇచ్చాయి. వడ్డీ, రుసుముల వివరాలు “అతి ముఖ్యమైన నియమ నిబంధనలు” అనే పత్రంలో విడిగా ఇవ్వాలి. కట్టని రుసుముల మీద, పన్నుల మీద చక్రవడ్డీ వేయకూడదు. బాకీ తీర్చి కార్డు రద్దు కోరితే ఏడు పనిదినాల్లో రద్దు చేయాలి. లేకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 500 రూపాయలు కార్డుదారుకు చెల్లించాలి. ఫిర్యాదు ఇచ్చిన 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. సమాచారానికి ఫోన్ నంబరు 14448.

అడ్డదారులు

ఏటీఎం రుసుము తెలిసినవాళ్ళు కొందరు దుకాణంలో కార్డు గీసి, వస్తువుకు బదులు నగదు పుచ్చుకుంటారు. దుకాణదారు నూటికి రెండో మూడో కమిషను పట్టుకుంటాడు. చూడడానికి చౌకే. కానీ ఇది అనుమతి ఉన్న పద్ధతి కాదు. స్వైపింగ్ యంత్రం మీద నగదు తీసుకునే సౌకర్యం రిజర్వ్ బ్యాంకు డెబిట్ కార్డులకు ఇచ్చింది, క్రెడిట్ కార్డులకు ఇవ్వలేదు. జరగని అమ్మకానికి బిల్లు పుట్టించడమంటే తప్పుడు లెక్క రాయడమే. బయటపడితే కార్డు నిలిపివేయవచ్చు, దుకాణదారు యంత్రమూ పోవచ్చు. పైగా ముక్కూమొహం తెలియని చోట కార్డు ఇవ్వడం మోసాలకు తలుపు తీయడమే.

రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపి దుకాణాల్లో చెల్లించవచ్చు. దానితో ఒక వ్యక్తి ఖాతాకు డబ్బు పంపడానికి గాని, నగదు తీసుకోవడానికి గాని వీలు లేదు. “మా బావ క్యూఆర్ కోడ్‌కు కొట్టి డబ్బు తీసుకుంటాను” అనేవారికి ఇది చెప్పండి.

బ్యాంకు ఉద్యోగి కుటుంబం ఇలాంటి సలహా నోటిమాటగా కూడా ఇవ్వకూడదు. మనం చెప్పిన మాట బ్యాంకు మాటగా చలామణి అవుతుంది.

అవసరం రాకముందే చేయాల్సిన పని

ఇంత ఖరీదైన అప్పును జనం తెలియక మాత్రమే తీసుకోరు. రాత్రి పదకొండు గంటలకు దొరికేది అదొక్కటే కాబట్టి తీసుకుంటారు. అందుకని “కార్డుతో నగదు తీయకండి” అన్న సలహా సగం సలహా. ఆ రాత్రికి మరో దారి ముందే సిద్ధం చేసుకోవడం మిగతా సగం.

మొదటి దారి, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఓవర్‌డ్రాఫ్ట్. సాధారణంగా డిపాజిట్ వడ్డీకి ఒక శాతం ఎక్కువ. డిపాజిట్‌కు 6.5 శాతం వస్తుంటే అప్పుకు 7.5 శాతం. ఈ లెక్కన 20,000 రూపాయలు 30 రోజులు వాడుకుంటే వడ్డీ 123 రూపాయలు. కార్డు మీద 1,463. డిపాజిట్ విరగ్గొట్టనక్కర్లేదు. వాడుకున్నన్ని రోజులకే వడ్డీ. ఒక్క జాగ్రత్త: డిపాజిట్ భార్యాభర్తలిద్దరి పేర్ల మీద ఉంటే ఓవర్‌డ్రాఫ్ట్‌కు ఇద్దరి సంతకాలూ అడుగుతారు. ఒకరు లైను మీదో, క్యాంపులోనో ఉన్న రోజున అది కుదరదు. తీరిక ఉన్నప్పుడే ఇద్దరూ వెళ్ళి ఖాతా తెరిపించుకోవాలి. వాడకపోతే దాని మీద వడ్డీ పడదు.

రెండోది, జీతపు ఖాతా మీద ఓవర్‌డ్రాఫ్ట్. కొన్ని బ్యాంకుల జీతపు ఖాతా ప్యాకేజీల్లో ఈ వసతి ఉంటుంది. మన సిబ్బందికి ఉద్యోగుల ఓవర్‌డ్రాఫ్ట్, పండుగ అడ్వాన్సు వంటివి ఉన్నాయి. ఇంట్లో వాటి పరిమితి ఎంతో, ఇప్పటికే ఎంత వాడారో ఇద్దరికీ తెలిసి ఉండాలి.

మూడోది బంగారం రుణం. వడ్డీ కార్డుతో పోలిస్తే చాలా తక్కువ. కాకపోతే రాత్రిపూట దొరకదు, పైగా బిలాస్‌పూర్ తెలుగు ఇళ్ళలో చాలావరకు బంగారం ఊళ్ళో అమ్మగారి దగ్గర ఉంటుంది. రెండు మూడు రోజుల వ్యవధి ఉన్న అవసరాలకు ఇది సరైన దారి.

నాలుగోది, కార్డు సంస్థే ముందుగా ఆమోదించి ఉంచే రుణం. ఇది ఏటీఎం నగదుకు భిన్నం. పొదుపు ఖాతాకు జమ అవుతుంది, వాయిదాల్లో తీర్చాలి. వడ్డీ సాధారణంగా నగదు అడ్వాన్సు కంటే బాగా తక్కువ. ప్రాసెసింగ్ రుసుము, ముందే తీర్చేస్తే పడే రుసుము చూసుకుని తీసుకోవాలి.

ఇవన్నీ కాక, ఒక నెల ఇంటిఖర్చులో సగమైనా విడిగా ఒక పొదుపు ఖాతాలో ఉంచి, దాని డెబిట్ కార్డు ఇంట్లోనే ఉంచడం అన్నింటికంటే చౌకైన దారి.

తీయక తప్పకపోతే

అవసరం మనిషి ప్రాణానికి సంబంధించినదైతే లెక్కలు పక్కన పెట్టాల్సిందే. అయితే ఆసుపత్రి, మందుల దుకాణం, రైలు టికెట్టు చాలాచోట్ల కార్డును నేరుగా తీసుకుంటాయి. ముందు అక్కడ కార్డు గీయండి. అది కొనుగోలు, నగదు కాదు. ఇంకా నగదు కావాలంటే, రెండు మూడుసార్లుగా కాక ఒకేసారి తీయండి. బిల్లు కోసం ఎదురుచూడకుండా డబ్బు చేతికి రాగానే కార్డు ఖాతాకు కట్టేయండి. 20,000 మీద ఒక్కో రోజుకు పన్నుతో కలిపి 29 రూపాయలు పడుతున్నాయని గుర్తుంచుకుంటే ఆలస్యం చేయాలనిపించదు.

భర్త కార్డు, పిన్ తీసుకుని భార్య ఏటీఎంకు వెళ్ళడం మన ఇళ్ళలో మామూలే. నిబంధనల ప్రకారం పిన్ ఎవరికీ, కుటుంబంలో కూడా, చెప్పకూడదు. అవసరమైతే ఆమె పేరు మీద యాడ్ ఆన్ కార్డు తీసుకోవాలి. దాని మీద బాకీకి బాధ్యత అసలు కార్డుదారుదే.

పెద్దవాళ్ళున్న ఇంట్లో మరో చిక్కు. డెబిట్, క్రెడిట్ కార్డులు రెండూ ఒకేలా ఉంటాయి. పొరపాటున ఒకదానికి బదులు ఇంకొకటి పెట్టి తీస్తే రుసుము పడిపోతుంది. రిజర్వ్ బ్యాంకు 2020 జనవరి ఆదేశాల ప్రకారం కార్డుదారు తన కార్డుకు ఏటీఎం వాడకాన్ని విడిగా ఆపుకునే వీలుంది. యాప్‌లో క్రెడిట్ కార్డుకు ఏటీఎం సౌకర్యం ఆపేసి ఉంచండి. నిజంగా కావాలంటే మళ్ళీ తెరుచుకోవచ్చు. ఆ నిమిషం ఆలోచనకు పనికొస్తుంది.

ఇంట్లో అభ్యాసం

పైన వాడిన రేట్లతోనే పిల్లలతో కలిసి ఈ మూడు లెక్కలు వేయండి.

1. కార్డు మీద 8,000 రూపాయలు ఒకేసారి తీసి 15 రోజులకు కడితే మొత్తం ఖర్చెంత?

2. అదే 8,000 ఒకే రోజున నాలుగేసి వేలుగా రెండుసార్లు తీస్తే?

3. అదే 8,000 డిపాజిట్ ఓవర్‌డ్రాఫ్ట్ మీద 7.5 శాతానికి 15 రోజులు వాడుకుంటే?

జవాబులు: 1. సుమారు 765 రూపాయలు. 2. సుమారు 1,355 రూపాయలు. 3. సుమారు 25 రూపాయలు.

లెక్కలు పూర్తయ్యాక ఇంట్లో ఉన్న ప్రతి క్రెడిట్ కార్డు తాజా స్టేట్‌మెంటు తీసి, నగదు పరిమితి, నగదు రుసుము, నెల వడ్డీ అనే మూడు అంకెలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. కింద డిపాజిట్ ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతా తెరిచి ఉందో లేదో రాయండి. “లేదు” అని రాయాల్సి వస్తే, వచ్చే పనిదినాన శాఖకు వెళ్ళాల్సిన పని ఒకటి ఉన్నట్టే.